ఒకే రక్తం, రెండు అంకెలు

మా మావయ్యది కవిటి మండలం. ఉద్దానం పేరు మీరు పేపర్లలో చూసే ఉంటారు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఓ పక్క సముద్రం. చూడ్డానికి ఎంత పచ్చగా ఉంటుందో, కిడ్నీ జబ్బు విషయంలో అంత భయపెట్టే ప్రాంతం. ఆ జబ్బు అక్కడ అంతమందికి ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అందుకే క్రియాటినిన్ అనే మాట మిగతా చోట్ల డాక్టర్ల నోట వినిపిస్తే, ఆ ఊళ్ళలో అరుగుల మీద వినిపిస్తుంది. "నీకెంతుంది?" అని ఒకరినొకరు అడుగుతారు. ఏమిటి అని ఎవరూ చెప్పనక్కర్లేదు.

కిందటేడు మావయ్య వాట్సాప్‌లో రెండు రిపోర్టులు పంపాడు. రెంటికీ మధ్య మూడు రోజుల తేడా. ఒక ల్యాబు క్రియాటినిన్ 1.4 అంది, ఇంకోటి 1.2 అంది. వెంటనే ఫోన్ చేశాడు. "ఇదేటల్లుడూ, మూడ్రోజుల్లో రగతం మారిపోద్దేటి?"

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. అంకెలు చూస్తే చేతులు ఊరుకోవు. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవి తీసుకుని మూత్రపిండాల వడపోత ఎంత ఉందో అంచనా కట్టే సూత్రం ఒకటుంది. దాని ఫలితాన్ని రిపోర్టుల్లో ఈజీఎఫ్ఆర్ అని వేస్తారు. మావయ్యకి 58 ఏళ్ళు. 2021 నాటి సూత్రంలో 1.4 పెడితే 58 వచ్చింది, 1.2 పెడితే 70 వచ్చింది. ఈ లెక్కలో 60 అన్నది ఒక గీత. మూడు నెలలకి మించి ఆ గీత కింద ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి మూడో దశ అంటారు. అంటే ఒక కాగితం ప్రకారం మావయ్య గీత దాటేశాడు, ఇంకో కాగితం ప్రకారం గీతకి చాలా దూరంలోనే ఉన్నాడు. ఉద్దానంలో ఈ తేడాతో ఒక ఇంటి నిద్ర పోతుంది.

ముందు నేనూ అందరిలాగే ఏదో ఒక ల్యాబు తప్పు చేసిందనుకున్నాను. తర్వాత రిపోర్టుల్ని పెద్దవి చేసి చూస్తే, అంకె కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒకదాంట్లో "పద్ధతి: జాఫ్, కైనెటిక్" అనీ, రెండోదాంట్లో "పద్ధతి: ఎంజైమాటిక్" అనీ ఉంది. ఆ రెండు ముక్కల వెనక నూట ముప్పై ఏళ్ళకు పైబడ్డ కథ ఉందని నాకప్పటికి తెలీదు. రెండు మూడు నెలల పాటు రాత్రిళ్ళు కూర్చుని చదివిన దాంట్లోంచి ఆ కథ చెప్పడానికే ఈ వ్యాసం.

*

క్రియాటినిన్‌కి ఆ పేరు పెట్టింది జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్, 1847లో. మాంసానికి గ్రీకులో ఉన్న మాట నుంచి వచ్చిన పేరది. మన కండరాల్లో ఉండే క్రియాటిన్ అనే పదార్థం రోజూ కొంచెం కొంచెంగా క్రియాటినిన్‌గా మారుతుంది, రక్తంలోకి వస్తుంది, మూత్రపిండాలు దాన్ని వడగట్టి బయటికి పంపేస్తాయి. వడపోత మందగిస్తే రక్తంలో పేరుకుంటుంది. ఇదంతా ఇవాళ ఒక వాక్యంలో చెప్పేస్తున్నాం. కానీ చెంచాడు రక్తంలో మిల్లీగ్రాములో పదో వంతు కూడా లేని పదార్థాన్ని కొలిచేదెలా?

1886లో కోనిగ్స్‌బర్గ్‌లో పనిచేస్తున్న మాక్స్ జాఫ్ ఒక చిన్న సంగతి ప్రచురించాడు. (జర్మన్‌లో ఆయన పేరు యఫే అని పలుకుతారు. మన ల్యాబుల్లో జాఫ్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.) క్రియాటినిన్ ఉన్న ద్రావణంలో పిక్రిక్ ఆమ్లం వేసి, దానికి క్షారం కలిపితే పసుప్పచ్చటి ద్రావణం నారింజ ఎరుపుకి తిరుగుతుంది. అంతే ఆయన చెప్పింది. దాంతో క్రియాటినిన్ ఎంతుందో కొలవచ్చని ఆయన అనలేదు, కొలిచే పద్ధతేదీ తయారు చెయ్యలేదు. ఇవాళ ప్రపంచంలో రోజూ లెక్కలేనన్ని రక్త నమూనాల మీద జరుగుతున్న పరీక్షకి, ఆ పరీక్ష చెయ్యని మనిషి పేరుంది.

కొలిచే పద్ధతిగా మార్చింది ఓటో ఫోలిన్. స్వీడన్‌లో పుట్టి అమెరికా వెళ్ళిన ఆయన, 1904లో మసాచుసెట్స్‌లోని మెక్లీన్ ఆసుపత్రిలో పనిచేస్తూ మూత్రంలో క్రియాటినిన్‌ని ఈ రంగుతో కొలిచాడు. అప్పట్లో రంగుని కొలవడానికి డ్యూబోస్క్ కలరీమీటర్ వాడేవారు. రెండు గాజు గిన్నెలు, ఒకే కంటిగొట్టంలో పక్కపక్కన రెండు అర్ధచంద్రాల్లా కనపడే రంగులు. ఒకవైపు నమూనా, రెండోవైపు పోల్చి చూసుకునే ద్రావణం. రెండు సగాలూ ఒకే రంగులోకి వచ్చేదాకా గిన్నె పైకీ కిందకీ జరుపుతూ లోతు చదువుకోవాలి. ఫోలిన్ పోలికకి క్రియాటినిన్ కూడా వాడలేదు, పొటాషియం డైక్రోమేట్ వాడాడు. దాని రంగు దగ్గర్లో ఉంటుంది, చవక, చెడిపోదు. పద్ధతి చాలా బాగా పనిచేసింది. మనిషి రోజువారీ క్రియాటినిన్ విసర్జన తిండిలో ప్రోటీన్ ఎంతున్నా పెద్దగా మారదని ఆయన దీంతోనే చూపించాడు.

ఇక్కడే తర్వాతి వందేళ్ళ చిక్కుకి ముడి పడింది. మూత్రంలో క్రియాటినిన్ దండిగా ఉంటుంది, డెసిలీటరుకి ఇంచుమించు 100 మిల్లీగ్రాముల స్థాయిలో. రక్తంలో 1 మిల్లీగ్రాము. పిక్రిక్ ఆమ్లంతో ఎర్రబడేది క్రియాటినిన్ ఒక్కటే కాదు. చక్కెర, విటమిన్ సి, ప్రోటీన్లు, ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే అసిటోఅసిటేట్, ఇలా చాలా ఉన్నాయి. మూత్రంలో వంద పాళ్ళ క్రియాటినిన్ పక్కన వీటి రంగు లెక్కలోకి రాదు. 1914 ప్రాంతంలో ఫోలిన్ అదే రంగుని రక్తానికి తెచ్చాడు. అక్కడ వంద తగ్గి ఒకటయింది. మిగతావి మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

*

దీన్ని అప్పటి వాళ్ళు గమనించలేదా అంటే, గమనించారు. 1920ల నాటి రసాయన పత్రికల్లో దీని మీద పెద్ద గొడవే నడిచింది.

స్టాన్లీ బెనెడిక్ట్ పేరు మనలో చాలామందికి తెలుసు. కాలేజీ ప్రాక్టికల్స్‌లో నీలం ద్రావణం వేడి చేస్తే ఇటుక రంగు వచ్చే చక్కెర పరీక్ష గుర్తుందా? ఆ బెనెడిక్టే. 1915లో ఆయన లూయిస్ అనే సహచరుడితో కలిసి రక్తంలో చక్కెర కొలిచే పద్ధతి ఒకటి తెచ్చాడు. అందులో రంగు తెప్పించే పదార్థం ఏమిటో తెలుసా? ఇదే పిక్రిక్ ఆమ్లం. ఒకే సీసాలోని మందుతో ఒక బల్ల మీద చక్కెర కొలుస్తున్నారు, పక్క బల్ల మీద క్రియాటినిన్ కొలుస్తున్నారు. అలాంటి మనిషికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? 1922లో బెహ్రే, బెనెడిక్ట్ కలిసి ఇంకా దూరం వెళ్ళారు. మామూలు రక్తంలో కనిపించే ఆ రంగు క్రియాటినిన్‌ది కానే కాదని, అసలు రక్తంలో కొలవగలిగినంత క్రియాటినిన్ ఉందనడానికి రుజువు లేదని వాదించారు.

ఇది చదివినప్పుడు నాకు కొంచెం తల తిరిగింది. ఆసుపత్రులు రోజూ ఒక అంకె రాస్తున్నాయి, డాక్టర్లు దాన్ని చూసి రోగి పరిస్థితి చెబుతున్నారు. ఇంకోపక్క ఒక పెద్ద శాస్త్రవేత్త ఆ పదార్థం అక్కడ లేదంటున్నాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే రంగు. అదే రంగుని ఇంకో వెయ్యిసార్లు కొలిచినా ఈ తగువు తేలదు.

తేల్చింది మట్టి. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో రెనే డ్యూబో అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఉండేవాడు. ప్రకృతిలో ఏ పదార్థం ఉన్నా దాన్ని తిని బతికే సూక్ష్మజీవి మట్టిలో ఎక్కడో ఉంటుందని ఆయన నమ్మకం. న్యుమోనియా బాక్టీరియా పైపొరని కరిగించే ఎంజైముని అంతకుముందు అలాగే పట్టుకున్నాడు. ఈసారి మిల్లర్‌తో కలిసి క్రియాటినిన్‌ని మాత్రమే తినే బాక్టీరియాని వెతికి, వాటి ఎంజైముని తీశాడు. 1937లో వాళ్ళు ప్రచురించిన ఉపాయం ఎంత సులువైనదో చూడండి. రక్తరసంలో రంగు కొలవాలి. ఎంజైము వేసి అందులో ఉన్న క్రియాటినిన్‌ని మొత్తం తినిపించెయ్యాలి. మళ్ళీ రంగు కొలవాలి. పోయిన రంగు క్రియాటినిన్‌ది, మిగిలిన రంగు ఇతరులది.

తేలిందేమిటంటే బెనెడిక్ట్ అనుమానం న్యాయమైనదే కానీ ఆయన తీర్పు మరీ అతి. రక్తరసంలో వచ్చే రంగులో ఎక్కువ భాగం క్రియాటినిన్‌దే. మిగతా వాటి వాటా ఎర్రకణాల్లో చాలా ఎక్కువ, రక్తరసంలో తక్కువ. తక్కువే కానీ సున్నా కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తరసంలో ఆ పాత జాఫ్ పద్ధతి సుమారు 20 శాతం దాకా ఎక్కువ చూపిస్తుందని తర్వాత స్థిరపడింది. జబ్బు ముదిరి క్రియాటినిన్ 6కో 8కో చేరినప్పుడు ఆ అదనం దామాషాలో చిన్నదైపోతుంది. అంటే తప్పు ఎక్కువ ఉండేది మామూలు స్థాయి దగ్గర, జబ్బు మొదలైందా లేదా అని తేల్చుకోవాల్సిన చోట. మా మావయ్య 1.2, 1.4 ఉన్నది సరిగ్గా ఆ సందులోనే.

*

1937లోనే సరైన దారి తెలిసిపోతే, మరి మొన్న మావయ్య రిపోర్టు దాకా జాఫ్ ఎలా బతికింది?

మొదటి కారణం డబ్బు. పిక్రిక్ ఆమ్లం, క్షారం చాలా చవక. ఎంజైముని తీసి, శుద్ధి చేసి, చెడిపోకుండా సీసాల్లో అమ్మే స్థితి రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. వచ్చాక కూడా ధర ఎక్కువే.

రెండో కారణం నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. జాఫ్ పద్ధతి నిలకడైనది. ఒకే నమూనాని పదిసార్లు కొలిస్తే పదిసార్లూ దగ్గర దగ్గర అంకెలే ఇస్తుంది.

వెనకటికి సంతల్లో కొందరు వ్యాపారులు తక్కెడ పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించేవారని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ తక్కెడలో ఒకే బెల్లం ముక్కని పదిసార్లు తూస్తే పదిసార్లూ ఒకే బరువు వస్తుంది. నిలకడలో దానికి వంక పెట్టలేం. చింతపండు బయట పడాలంటే పదకొండోసారి తూచి లాభం లేదు, పక్క కొట్టుకి పోవాలి. కొలతలో మాటిమాటికీ అటూ ఇటూ ఊగే తప్పు ఒక రకం. ఎప్పుడూ ఒకే వైపుకి లాగే తప్పు ఇంకో రకం. ఈ రెండోదాన్ని నేను మొగ్గు అంటాను. మొదటి రకం ఎక్కువసార్లు కొలిచి సగటు తీస్తే తగ్గుతుంది. మొగ్గు మాత్రం సగటులో కూడా అలాగే కూర్చుని ఉంటుంది.

ఆసుపత్రి ల్యాబులు తమని తాము చూసుకోవడం మొదలుపెట్టినప్పుడు ముందు చూసింది మొదటి రకాన్నే. 1947లో అమెరికాలో బెల్క్, సండర్‌మన్ పెన్సిల్వేనియా ఆసుపత్రుల ల్యాబులకి ఒకే నమూనాలు పంపి, వచ్చిన జవాబులు పక్కపక్కన పెట్టారు. చక్కెర, యూరియా, కాల్షియం లాంటి మామూలు పరీక్షల్లో కూడా అంకెలు చెల్లాచెదురుగా వచ్చాయి. 1950లో లీవీ, జెన్నింగ్స్ ఫ్యాక్టరీల నుంచి ఒక పటం అరువు తెచ్చారు. రోజూ తెలిసిన నమూనా ఒకటి కొలిచి, పటం మీద చుక్క పెట్టి, గీతలు దాటితే మెషీన్ ఆపి చూసుకోవాలి. ఇవాళ్టికీ ప్రతి మంచి ల్యాబులో ఆ పటం ఉంటుంది. ల్యాబు నిన్నటిలాగే ఇవాళా పనిచేస్తోందా అన్నది అది చెబుతుంది. నిన్నటిదే తప్పయితే మాత్రం ఏమీ చెప్పదు.

నా వృత్తిలో దీనికి సరిగ్గా సరిపోయే అనుభవం ఉంది. ఒకసారి మేం రాసిన ప్రోగ్రాములో ఒక స్థిరాంకం తప్పు పడింది. దాన్ని పరీక్షించే టెస్టులు కూడా అదే ఫైలు నుంచి ఆ స్థిరాంకాన్ని తీసుకునేవి. నెలల తరబడి అన్ని టెస్టులూ పచ్చగా పాసవుతూ వచ్చాయి. చివరికి ఒక కస్టమరు కాగితం మీద లెక్క వేసుకుని ఫోన్ చేస్తే బయటపడింది. అప్పటినుంచీ నాకు పచ్చ రంగు మీద పూర్తి నమ్మకం పోయింది.

రెండు పద్ధతుల్ని పోల్చేటప్పుడు కూడా ఇలాంటి మోసం ఒకటుంది. చాలాకాలం పరిశోధకులు ఏం చేసేవారంటే, కొత్త పద్ధతి అంకెల్ని పాత పద్ధతి అంకెలతో గ్రాఫు గీసి, సహసంబంధ గుణకం 0.98 వచ్చింది కాబట్టి రెండూ ఒకటే అని రాసేసేవారు. 1986లో మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ అనే ఇద్దరు బ్రిటిష్ గణాంకవేత్తలు లాన్సెట్‌లో ఒక చిన్న వ్యాసం రాసి ఈ అలవాటుని ఏకిపారేశారు. ఒక పద్ధతి ప్రతిసారీ 0.2 ఎక్కువ చూపించినా గుణకం పూర్తిగా 1 వస్తుంది. అసలు రెట్టింపు చూపించినా 1 వస్తుంది. గుణకం చెప్పేది రెండూ కలిసి నడుస్తున్నాయని మాత్రమే. వాళ్ళు చెప్పిన మందు తేలిక. ప్రతి మనిషికీ రెండు పద్ధతుల అంకెల తేడా తీసి, ఆ తేడాని రెంటి సగటుకి ఎదురుగా గీసి చూడమన్నారు. తేడాల సగటే మొగ్గు. ఆ తేడాలు ఎంత వెడల్పున పరుచుకున్నాయో చూస్తే, ఒకరి విషయంలో ఈ పద్ధతులు ఎంత దూరం విడిపోవచ్చో తెలుస్తుంది. వాళ్ళు ఉదాహరణగా వాడింది 17 మంది ఊపిరి కొలతలు. హైస్కూలు లెక్కలతో అయిపోయే పని. వైద్యశాస్త్రంలో అత్యధికంగా ఉటంకించబడిన వ్యాసాల్లో అదొకటయింది.

*

జాఫ్ బతకడానికి మూడో కారణం ఉంది. ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది అదే.

మూత్రపిండాల వడపోతని కొలవడానికి మేలైన పద్ధతి ఇన్యులిన్ అనే పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, అది ఎంత వేగంగా బయటికి పోతోందో చూడటం. అది గంటల పని, రోగికి ఇబ్బంది. దాని బదులు 24 గంటల మూత్రం పట్టి, అందులోని క్రియాటినిన్‌ని రక్తంలోని క్రియాటినిన్‌తో భాగించి వడపోత లెక్క కట్టేవారు. ఇందులో ఒక దోషం ఉంది. మూత్రంలోకి వచ్చే క్రియాటినిన్ అంతా వడపోత నుంచే రాదు, కొంత మూత్రపిండంలోని సన్నటి నాళికలు నేరుగా విడుదల చేస్తాయి. కాబట్టి లెక్క అసలు కంటే ఎక్కువ రావాలి.

కానీ ఆరోగ్యవంతుల్లో ఇన్యులిన్‌తో పోల్చి చూస్తే లెక్క బాగానే కుదిరేది! ఎందుకంటే లెక్కలో కింద ఉన్న రక్తం అంకెని జాఫ్ పద్ధతి పెంచి చూపిస్తోంది. భాజకం పెరిగితే ఫలితం తగ్గుతుంది. నాళికల వల్ల పెరిగింది, జాఫ్ వల్ల తగ్గింది. తక్కెడకి ఒక పళ్ళెం అడుగునే కాదు, రెండో పళ్ళెం అడుగున కూడా చింతపండు ఉంది. ముల్లు మధ్యలో నిలబడింది.

దీన్ని చూసి పద్ధతి బాగుందనుకోవడం సహజం. కానీ ఈ పొందిక ఆరోగ్యవంతుల దగ్గరే. జబ్బు ముదిరేకొద్దీ నాళికలు విడుదల చేసే వాటా పెరుగుతుంది, ఇందాక చెప్పినట్టు జాఫ్ అదనపు వాటా తగ్గుతుంది. ఒక ముద్ద పెద్దదవుతుంటే ఇంకో ముద్ద చిన్నదవుతోంది. రోగికి నిజంగా ఆ అంకె కావలసిన సమయానికి తక్కెడ ఒరిగిపోతుంది, వడపోత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ఇలా రెండు తప్పులు ఒకదాన్నొకటి మోస్తున్నప్పుడు ఒకదాన్ని మాత్రమే సరిచేస్తే మొత్తం చెడుతుంది. క్రియాటినిన్ పరీక్షకి అంత పనీ జరిగింది. 1970ల్లో మెషీన్లు వచ్చాక జాఫ్‌ని మెరుగుపరిచారు. అసిటోఅసిటేట్ లాంటివి మొదటి కొన్ని సెకన్లలోనే రంగు ఇచ్చేస్తాయి, ప్రోటీన్లు నెమ్మది మీద ఇస్తాయి. కాబట్టి మధ్యలో ఓ చిన్న సమయంలో రంగు పెరిగే వేగాన్ని మాత్రం కొలిస్తే చాలావరకు క్రియాటినిన్‌దే దొరుకుతుంది. మావయ్య రిపోర్టులోని "కైనెటిక్" అన్న మాటకి అర్థం ఇది. ఇంకొన్ని కంపెనీలు వచ్చిన అంకెలోంచి ఇంత అని ఒక స్థిరమైన మొత్తం తీసేసేవి. సగటు పెద్దవాళ్ళకి అది సరిపోవచ్చు. ప్రోటీన్ తక్కువ, క్రియాటినిన్ ఇంకా తక్కువ ఉండే పసిపిల్లలకి సరిపోదు. ఇలా ఎవరికి తోచిన మరమ్మతు వాళ్ళు చేసేసరికి జాఫ్ అన్న ఒక్క పేరు కింద రకరకాల పద్ధతులు తయారయ్యాయి.

ఈలోగా సూత్రాలు వచ్చాయి. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ 249 మంది మగవాళ్ళ వివరాలతో ఒకటి కట్టారు. 1999లో అమెరికాలో 1628 మంది రోగులతో ఎండీఆర్‌డీ అనే సూత్రం వచ్చింది. రెండూ అప్పటి జాఫ్ అంకెల మీద కట్టినవే. అంటే జాఫ్ మొగ్గు ల్యాబు దాటి సూత్రంలోకి కూడా ఎక్కి కూర్చుంది. ఎండీఆర్‌డీ సూత్రం ముందు 186 అనే గుణకం ఉంటుంది. అది చూసేవాళ్ళకి ప్రకృతి రాసిచ్చిన సంఖ్యలా అనిపిస్తుంది. నిజానికి అందులో ఒక ఆసుపత్రి ల్యాబు మెషీన్ స్వభావం కూడా కలిసి ఉంది.

*

2000ల్లో ఒక పెద్ద దిద్దుబాటు జరిగింది. బరువైన కార్బన్ ఐసోటోపు ఉన్న క్రియాటినిన్‌ని రక్తరసంలో తెలిసినంత కలిపి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అసలుదీ కలిపినదీ ఏ నిష్పత్తిలో ఉన్నాయో చూస్తే రంగుతో పనిలేకుండా నిజమైన మొత్తం తెలుస్తుంది. ఖరీదైన పని, ప్రతి రోగికీ చెయ్యలేరు. కానీ దాంతో కొలిచిన రక్తరసాన్ని మచ్చుగా పెట్టుకుని మిగతా మెషీన్లన్నిటినీ సరిచెయ్యొచ్చు. బంగారపు కొట్లో తక్కెడకి ప్రభుత్వం ముద్ర వేసిన తూనిక రాయి లాంటిదన్నమాట. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అలాంటి రక్తరసాన్ని తయారుచేసి విడుదల చేసింది. దానికి ముందు అమెరికాలో నిజ విలువ 0.9 ఉన్న నమూనాని ల్యాబులకి పంపి చూస్తే, కొన్ని రకాల మెషీన్లు సగటున 0.3 దాకా ఎక్కువ చూపించాయి.

మెషీన్లు సరి అవుతున్నాయి సరే, మరి పాత అంకెల మీద కట్టిన సూత్రం? 2006లో ఎండీఆర్‌డీ వాళ్ళు పాత నమూనాల్ని కొత్త ప్రమాణంతో పోల్చుకుని 186ని 175 చేశారు. దగ్గరదగ్గర 6 శాతం తేడా. కాక్‌క్రాఫ్ట్ గారి సూత్రానికి ఆ అదృష్టం పట్టలేదు, కొత్త ప్రమాణానికి అనుగుణంగా దాన్ని మళ్ళీ కట్టలేదు. మందుల మోతాదులు లెక్కకట్టే చోట అదింకా వాడుకలో ఉంది.

2009, 2021ల్లో వచ్చిన కొత్త సూత్రాలు సరిచేసిన అంకెల మీదే కట్టారు. 2021లో ఇంకో మొగ్గు తీసేశారు. అంతకుముందు సూత్రాల్లో నల్లజాతివాళ్ళకి ఫలితాన్ని పెంచే గుణకం ఒకటి ఉండేది. దాని మూలంగా వాళ్ళ వడపోత కాగితం మీద మెరుగ్గా కనిపించి, వైద్యం ఆలస్యమయ్యే అవకాశం ఉందన్న విమర్శ మీద దాన్ని తొలగించారు. ఈ సూత్రాలు ప్రధానంగా కట్టింది అమెరికా, యూరప్ మనుషుల వివరాలతోనే. క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది కాబట్టి, కండ తక్కువున్న మనుషులకి, మాంసం తక్కువ తినేవాళ్ళకి ఈ లెక్క ఎలా ఉంటుందన్నది మనం అడగాల్సిన ప్రశ్న. జీడితోటలో ఎండలో పనిచేసే మనిషి ఒళ్ళు ఆ సూత్రాల్లోని సగటు ఒళ్ళు కాదు.

ప్రామాణీకరణ వల్ల జాఫ్ మొగ్గు సగటున తగ్గింది. సగటున అన్న మాట ముఖ్యం. ఒక మనిషి రక్తంలో చక్కెర ఎక్కువుందా, ప్రోటీన్ ఎంత, కామెర్లున్నాయా అన్నదాన్ని బట్టి జాఫ్ అంకె ఇప్పటికీ అటో ఇటో జరుగుతుంది. మెషీన్‌ని ఎంత సరిచేసినా రంగుకి తన పక్కన ఎవరున్నారో తెలీదు.

*

మావయ్య ప్రశ్నకి నా జవాబు ఇంత పెద్దది, ఫోన్‌లో చెప్పేది కాదు. పైగా అది పూర్తి జవాబు కూడా కాదు. 1.4కీ 1.2కీ మధ్య తేడా అంతా పద్ధతిదే అని నేను చెప్పలేను. మూడు రోజుల్లో మనిషి ఒళ్ళు కూడా కొంత మారుతుంది. నీళ్ళు తక్కువ తాగినా, ముందురోజు మాంసం తిన్నా క్రియాటినిన్ పెరుగుతుంది. అడిగితే, మొదటి పరీక్షకి ముందు రాత్రి ఏదో పెళ్ళిలో కోడికూర తిన్నానన్నాడు. రెండు అంకెల నుంచి ఇన్ని కారణాల్ని విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఆయన్ని చూసిన డాక్టరు గారు మంచి మాట చెప్పారు. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించమన్నారు, క్రియాటినిన్‌ని మూడు నెలల తర్వాత మళ్ళీ చూడమన్నారు, ఏ ల్యాబైనా సరే కానీ ప్రతిసారీ అదే ల్యాబుకి వెళ్ళమన్నారు. బ్లాండ్, ఆల్ట్‌మన్‌ల వ్యాసం సారమంతా ఆ ఆఖరి ముక్కలో ఉంది. తక్కెడ మారిస్తే బెల్లం తగ్గిందో తక్కెడ మారిందో తెలీదు. మరోపక్క, తక్కెడే సరైనదా అని తెలియాలంటే అప్పుడప్పుడు మార్చక తప్పదు. మొదటిది రోగి చెయ్యాల్సిన పని. రెండోది ల్యాబులూ, వాటి మీద అజమాయిషీ ఉన్నవాళ్ళూ చెయ్యాల్సిన పని. రెండో పని సరిగ్గా జరగని చోట మొత్తం బరువు రోగి భయం మీద పడుతుంది. ఉద్దానంలో ఈ అంకెని బట్టి సంబంధాలూ అప్పులూ ఆలోచించుకునే ఇళ్ళున్నాయి. కిడ్నీ రోగుల పింఛను అర్హతల్లో కూడా క్రియాటినిన్ అంకె ఉంది. అలాంటి చోట అంకెతో పాటు దాన్ని కొలిచిన పద్ధతి పేరు కూడా కాస్త కనపడేంత అక్షరాల్లో వెయ్యమనడం గొంతెమ్మ కోరిక కాదనుకుంటాను.

మూడు నెలల తర్వాత ఎంజైమ్ పద్ధతి ల్యాబులోనే మళ్ళీ చూపించుకుంటే 1.3 వచ్చింది. ఈజీఎఫ్ఆర్ 64. మూత్రంలో అల్బుమిన్ మామూలుగానే ఉంది. "పెరిగిందేటి?" అన్నాడు మావయ్య. 1.2కీ 1.3కీ మధ్య తేడా ఒళ్ళు రోజువారీగా ఊగే దాంట్లోనే ఇమిడిపోతుంది, పెరిగిందని చెప్పలేం, పెరగలేదనీ చెప్పలేం, ఇంకో మూడు నెలలు చూడాలి అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సరేలే" అన్నాడు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయన లెక్కల పుస్తకం చూశాను. చిట్ఠాపద్దులు రాసుకునే పొడుగాటి పుస్తకం. వెనక పేజీల్లో స్కేలుతో గీతలు కొట్టి తేదీ, అంకె రాసుకున్నాడు. రెండు నిలువు గళ్ళే ఉన్నాయి. పెన్ను తీసుకుని పక్కన ఇంకో రెండు గళ్ళు గీశాను. ఒకదాని పైన "ల్యాబు" అని, రెండోదాని పైన "పద్ధతి" అని రాశాను. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని, పాత రిపోర్టులు ముందేసుకుని, ఆ చీమ తలకాయంత అక్షరాలు వెతుక్కుంటూ ఒక్కొక్కటే నింపడం మొదలుపెట్టాడు.